ఒక మడి కొత్త విత్తనానికి

ప్రశ్న:

మాస్టారూ, నమస్కారం. మాది ఆత్రేయపురం దగ్గర ఒక పల్లెటూరు. నా వయసు 28. గ్రామ సచివాలయంలో ఉద్యోగం చేస్తున్నాను. ఇంటికొచ్చాక అమ్మ చేసే పూతరేకుల పనిలో కాస్త సాయపడి, రాత్రి తొమ్మిది నుంచి పదిన్నర దాకా బొమ్మలు వేసుకుంటాను. నాకు బొమ్మలు నేర్పిన గురువుగారు రోజూ ఒక పేజీ నిండా గీతలు సాధన చెయ్యమన్నారు. నీటిరంగులు తప్ప వేరేవి ముట్టుకోవద్దన్నారు. ఆరేళ్ళుగా ఆ గీతలు గీస్తూనే ఉన్నాను. కానీ ఈమధ్య గీస్తున్నంతసేపూ మనసు అక్కడ ఉండటం లేదు. ఫోన్‌లో చూసి యాక్రిలిక్ రంగులు పొయ్యడం, లినో షీటు చెక్కి వేసే అచ్చులు, ట్యాబ్‌లో డిజిటల్ బొమ్మలు, కాఫీ పొడితో బొమ్మలు, ఇలా అన్నీ మొదలుపెట్టాను. మొన్న లెక్కపెడితే సగంలో ఆగిపోయినవి మంచం కింద 14 తేలాయి.

పోయిన ఏడాది వరద తీశాక ఏటిగట్టు దిగువన మిగిలిన ఎర్రటి ఒండ్రుమట్టి తెచ్చి, తుమ్మజిగురు కలిపి మా లంక బొమ్మ ఒకటి వేశాను. చాలా నచ్చింది. రెండు నెలలకి రంగు పొడిగా రాలడం మొదలైంది. గురువుగారు చూసి "ఈ పిచ్చి పనులు ఎందుకమ్మా" అన్నారు. అప్పటి నుంచి అదీ వదిలేశాను. పెళ్ళి ఫొటోలు ఇచ్చి పెన్సిల్ బొమ్మలు వేసిపెట్టమని అడిగేవాళ్ళు ఉన్నారు. ఒక్కోదానికి 1,500 రూపాయలు ఇస్తారు. అవి మాత్రం టైముకి పూర్తి చేస్తాను. మే నెలలో మూడు వారాలు బ్రష్షే పట్టుకోలేదు. ఎందుకూ పనికిరానిదాన్ని అనిపించింది. పద్ధతి పెట్టుకుంటే బొమ్మలో ప్రాణం పోతోంది. పద్ధతి వదిలేస్తే నేను చెల్లాచెదురైపోతున్నాను. ఏది పట్టుకోవాలి, ఏది వదలాలి?

సమాధానం:

అమ్మా, వయసులో నీకు తండ్రిలాంటివాణ్ణి కనుక నువ్వు అనే రాస్తున్నాను. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ ఆ ఒండ్రుమట్టి బొమ్మ దగ్గరే ఆగిపోయాను. మిగతావాటిని పేర్లు చెప్పి వదిలేశావు. మట్టి దగ్గరికి వచ్చేసరికి ఎప్పుడు తెచ్చావో, ఎక్కడ తెచ్చావో, ఏం కలిపావో, ఎన్నాళ్ళకి రాలిందో అన్నీ రాశావు. నీ మనసు ఎక్కడుందో నీకు తెలియకపోయినా నీ ఉత్తరానికి తెలుసు. అందుకే నేను రాసేది కూడా చాలావరకు ఆ మట్టి చుట్టూనే తిరుగుతుంది.

మంచం కింద ఉన్నవాటి సంగతి ముందు తేల్చుకుందాం. యాక్రిలిక్ పొయ్యడం ఎందుకు మొదలుపెట్టావు? రీల్‌లో చూస్తే బాగుంది కనుక. లినో కూడా అంతే అయి ఉంటుంది. "ఇలా చేస్తే ఏమవుతుంది" అని నీకు నువ్వు వేసుకున్న ప్రశ్న వాటిలో లేదు. ప్రశ్న లేనప్పుడు జవాబు వచ్చేదాకా కూర్చోవలసిన పనీ ఉండదు. అందుకే సగంలో ఆగిపోయాయి. ఇక రోజూ గీసే పేజీ. ఆరేళ్ళ కిందట అది సాధనే, అనుమానం లేదు. ఇప్పుడు మనసు ఎక్కడో పెట్టి పేజీ నింపుతున్నావు. బడికెళ్ళి హాజరు పలికి వచ్చెయ్యడం లాంటిది అది. నొచ్చుకోకు. ప్రయోగం కోసం సాధనని వదులుకోవాలా, సాధన కోసం ప్రయోగాన్ని వదులుకోవాలా అని నువ్వు బెంగపెట్టుకున్నావు. నాకు కనిపిస్తున్నది వేరు. ఈ రెండూ ప్రస్తుతం నీ దగ్గర సరిగ్గా లేవు. వస్తే రెండూ కలిసే వస్తాయి. అదెలాగో మా మేనమామ పొలంలో చూశాను.

ఆయనది పెనుగొండ దగ్గర వ్యవసాయం. నా చిన్నప్పటి సెలవులన్నీ అక్కడే గడిచాయి. మార్టేరు వరి పరిశోధనా కేంద్రం అక్కడికి దగ్గరే. స్వర్ణ అని మనందరం చెప్పుకునే ఎం.టి.యు. 7029 రకం 1982లో వచ్చింది అక్కడి నుంచే. కొత్త రకాన్ని విడుదల చేసే ముందు మినీకిట్లు అని చిన్న చిన్న సంచుల్లో రైతులకిచ్చి వాళ్ళ పొలాల్లోనే పరీక్ష పెడతారు. మా మామయ్య ఎలాగైనా ఒక సంచి సంపాదించేవాడు. దానికి పేరు కూడా ఉండేది కాదు, నంబరే. ఆ విత్తనం కోసం గట్టు పక్కన ఒకే ఒక్క మడి కేటాయించేవాడు. మిగతా చేనంతా ఎప్పటి రకమే. నారు పొయ్యడం, ఊడ్పు, ఎరువు, నీళ్ళు, రెండు మడులకీ ఒకటే రోజు, ఒకటే కొలత. ఎందుకు మామయ్యా అని అడిగితే, "తేడా విత్తనంలోనే ఉండాల్రా. అన్నీ మార్చేస్తే పంట దేనివల్ల వచ్చిందో నాకెలా తెలుస్తుంది?" అనేవాడు. దుబ్బుకి ఎన్ని పిలకలు వేసిందో లెక్కపెట్టేవాడు. కార్తీకంలో గాలివాన కొడితే ఏ మడి పడిపోయింది, ఏది నిలబడింది చూసుకునేవాడు. అదంతా పంచాంగం అంచుల్లో పెన్సిల్‌తో రాసుకునేవాడు. ఒక ఏడు గింజ పట్టక ఆ మడంతా తాలు పోయింది. అత్తయ్య బాధపడింది కానీ ఆయన "తాలు" అని రాసుకుని పంచాంగం మూసేశాడు. మరుసటి ఏడు ఇంకో నంబరు వేశాడు.

చేనంతా కొత్త విత్తనం చల్లేసేంత తెగింపు ఆయనకి ఎప్పుడూ లేదు. ఆ ఒక్క మడిని ఖాళీగా ఉంచిన ఏడాది కూడా లేదు. ఆయన చేసింది ప్రయోగమా, క్రమశిక్షణా అని నన్నెవరైనా అడిగితే నేను విడదీసి చెప్పలేను.

ఇప్పుడు నీ మట్టి బొమ్మకి వద్దాం. అది ఎందుకు రాలిందో నీకు తెలుసా? తెలియదు. ఎందుకంటే మట్టి ఎంత, జిగురు ఎంత, ఎంత మందంగా వేశావు, ఏ కాగితం మీద వేశావు అన్నది కొలవలేదు. కొలిచి ఉంటే ఉత్తరంలో రాసేదానివి. ఆలోచన బాగుంది, కొలత లేదు. అంతే జరిగింది. దీన్ని పిచ్చి పని అని వదిలెయ్యడం నాకు ఇష్టం లేదు. మనుషులు మొట్టమొదట బొమ్మలు వేసుకున్నదే మట్టిరంగులతో. ఎర్రమట్టి రంగు ఎండకి వెలవదు. ట్యూబుల్లో దొరికే కొన్ని అందమైన ఎరుపులు, అలిజరిన్ క్రిమ్సన్ లాంటివి, వెలుతురు తగిలే గోడ మీద కొన్నేళ్ళకే పాలిపోతాయి. నీ ఏటి మట్టి పాలిపోదు. దాన్ని కాగితానికి పట్టి ఉంచడమే నువ్వు నేర్చుకోవలసిన పని.

నేనైతే ఇలా చేస్తాను. మట్టిని బకెట్లో వేసి నీళ్ళు నింపి బాగా కలిపి ఒక్క నిమిషం ఆగుతాను. ఇసుక, గరుకు అడుక్కి దిగిపోతాయి. పైన ఉన్న ఎర్రనీళ్ళని మాత్రం ఇంకో గిన్నెలోకి వంచుకుంటాను. మళ్ళీ కలిపి, ఈసారి రెండు నిమిషాలు ఆగి, మళ్ళీ వంచుతాను. మూడోసారికి మిగిలేది వెన్నలాంటి మట్టి. దాన్ని రాత్రంతా కదపకుండా ఉంచితే అడుక్కి పేరుకుంటుంది. పైన నీళ్ళు తీసేసి, ఆరబెట్టి, మెత్తగా నూరి పెట్టుకోవచ్చు. నీళ్ళు త్వరగా తేరాలని పటిక తిప్పకు. పటిక పులుపు కాగితానికి మంచిది కాదు. ఇక జిగురు. తుమ్మజిగురు పొడి ఒక చెంచా, వేడినీళ్ళు రెండు చెంచాలు కలిపి రాత్రి నానబెట్టి పొద్దున పల్చటి గుడ్డలో వడగట్టాలి. రంగు పెళుసెక్కి పగలకుండా రెండు చుక్కలు తేనె. మన వానాకాలానికి బూజు పట్టకుండా ఒక చుక్క లవంగం నూనె.

ఆ తర్వాత బొమ్మ వెయ్యకు. ఎంత చెయ్యి దురద పెట్టినా వెయ్యకు. ఒకే కాగితం నుంచి ఐదు ముక్కలు కత్తిరించుకో. ప్రతి ముక్కకీ మట్టి ఒక చెంచానే. జిగురు మాత్రం పావు, అర, ముప్పావు, ఒకటి, ఒకటిన్నర చెంచాలు. ఒక్కో ముక్క మీద సగం పల్చగా, సగం మందంగా పూయి. వెనక పెన్సిల్‌తో తేదీ, కొలత రాయి. వారం ఆగి వేలితో రుద్ది చూడు. జిగురు తక్కువైనది వేలికి అంటుతుంది. ఎక్కువైనది మెరుస్తుంది, మందంగా ఉన్నచోట బీటలు వారుతుంది. నీ జవాబు ఆ మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఐదు ముక్కలూ పాడైనా కంగారుపడకు. మట్టి ఇంకా గరుకుగా ఉందేమో, కాగితం మరీ నున్నగా ఉందేమో చూసి, ఆ ఒక్కటీ మార్చి మళ్ళీ ఐదు. దీనికి రెండు వారాల రాత్రులు సరిపోతాయి. మొదలుపెట్టే ముందే ఒక గడువు రాసుకో, దీపావళి అనుకుందాం. దీపావళికి తేలకపోతే "ఇంతవరకే తేలింది" అని రాసి పక్కన పెట్టు. అలా పక్కన పెట్టినది, మంచం కిందికి తోసేసిన దానితో సమానం కాదు. వచ్చే ఏడు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో నీకు తెలిసి ఉంటుంది.

గురువుగారు పెట్టిన నియమాల గురించి కూడా చెప్పాలి. బొమ్మల పనిలో నియమాలు రెండు రకాలు. కొన్ని సరుకు పెట్టేవి. తైలవర్ణంలో కింది పూతల్లో నూనె తక్కువ, పై పూతల్లో ఎక్కువ ఉండాలి. తిరగేస్తే ఏళ్ళు గడిచాక పైపూత పగులుతుంది. ఆరిన తైలవర్ణం మీద యాక్రిలిక్ వేస్తే పట్టు నిలవక పొరలా లేచిపోతుంది. ఇవి ఎవరి ఇష్టాయిష్టాలూ కావు. ఎంత గొప్ప చిత్రకారుడికైనా ఇవి వర్తిస్తాయి. రెండో రకం అలవాటు పెట్టేవి. నల్లరంగు వాడకూడదు, నీటిరంగులు తప్ప ముట్టకూడదు, ఇలాంటివి. శిష్యుడు మొదట్లో చెదిరిపోకుండా ఉండటానికి గురువు వేసే కంచెలు ఇవి. మొక్క పెరిగాక కంచె తీస్తాం, అలాగని కంచె వేసినవాణ్ణి తప్పుపట్టం. ఏ నియమం ఏ రకానిదో నువ్వే పరీక్షించి తెలుసుకోవాలి. అందుకే ఆ ఐదు ముక్కలు.

మన వాతావరణం కూడా ఒక నియమమే. నీటిరంగుల పాఠాలు ఎక్కువగా మన వాతావరణం చూసి రాసినవి కావు. శ్రావణ భాద్రపదాల్లో మన లంకల్లో వేసిన పూత గంటకి కూడా ఆరదు. తొందరపడి దానిమీద ఇంకో రంగు వేస్తే బురదే. వైశాఖంలో బ్రష్షు ఎత్తేలోపే ఆరి అంచులు గట్టిపడతాయి. ఎన్నో ఏళ్ళు నేను వానతో పోట్లాడాను. ఇప్పుడు వానాకాలంలో తడి మీద తడి రంగు పారించే బొమ్మలే వేస్తాను. పూత మీద పూత ఎక్కించే పని మార్గశిరం వచ్చాక. పని పెరిగింది, చిరాకు తగ్గింది. నీ మట్టిరంగుకి కూడా ఏ నెల అనువైనదో రాసి పెట్టుకో. వేసినవాటిని మాత్రం వానాకాలంలో గోడకి ఆనించి ఉంచకు, వెనక బూజు పడుతుంది.

నా సంగతి కూడా చెబుతాను. క్రమశిక్షణ ఒక్కటే ఉంటే ఏమవుతుందో, అది బొత్తిగా పోతే ఏమవుతుందో రెండూ నేను అనుభవించాను.

18 ఏళ్ళప్పుడు రాజమండ్రిలో బోర్డులు రాసే షాపులో చేరాను. మూడు నెలలు యజమాని నన్ను బోర్డు ముట్టుకోనివ్వలేదు. పాత రేకు మీద నల్ల ఎనామిల్‌తో నిలువు గీతలు, అడ్డ గీతలు, తర్వాత సున్నాలు. తెలుగు అక్షరం నిలబడేదే సున్నాల మీద కదా. సున్నా చక్కగా తిరిగితే సగం అక్షరాలు వచ్చినట్టే. రంగు అద్దిన దారాన్ని రెండు చివర్లా బిగించి, లాగి గోడకి కొట్టి తిన్నటి గీత తెచ్చుకోవడం, ఫొటో మీద గళ్ళు గీసి అవే గళ్ళు గోడ మీద పెద్దవి చేసుకుని బొమ్మ ఎక్కించడం అక్కడే నేర్చుకున్నాను. ఆ మూడు నెలలకి ఇవాళ్టికీ ఆయనకి దణ్ణం పెడతాను.

పదేళ్ళకి నా చెయ్యి ఎంత కుదిరిందంటే, రోడ్డు పక్క పొడుగాటి గోడ మీద ఎరువుల ప్రకటన ఒక్క పూటలో రాసేసేవాణ్ణి. కొలత తప్పేది కాదు, రంగు కారేది కాదు. కానీ అన్నేళ్ళలో ఒక్క కొత్త అక్షరం కనిపెట్టలేదు. మొదటి ఏడు నేర్చుకున్న వంపే, అదే నీడ, అదే పసుపు మీద ఎరుపు. ఎవరూ అడగలేదు, నేనూ వెతకలేదు. కుర్రతనంలో సాయంత్రాలు పుష్కరాల రేవులో కూర్చుని గోదావరిని గీసుకునేవాణ్ణి. పని బాగా నడుస్తోంది కదా అని అదీ మానేశాను. 2005 ప్రాంతంలో ఫ్లెక్సీలు వచ్చాయి. రెండేళ్ళు తిరక్కుండా మా పని పోయింది. అంత కుదిరిన చెయ్యితో ఇంకేం చెయ్యవచ్చో నేను ఏనాడూ అడిగి చూడలేదు. అందుకని చేతిలో ఒక్క దారీ లేదు.

ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఆ టెన్షన్‌లో కనిపించిందల్లా పట్టుకున్నాను. గ్లాస్ పెయింటింగ్ ఒక నెల. థర్మోకోల్ మండపాలు రెండు నెలలు. చీరల మీద బొమ్మలు, ప్లాస్టర్ విగ్రహాలు. దేనిలోనూ మొదటి తప్పు దాటి ముందుకి వెళ్ళలేదు. తప్పు రాగానే ఇది నా పని కాదని ఇంకోదానికి దూకేవాణ్ణి. అందుకే నీ 14 బొమ్మల మాట చదివినప్పుడు నా గుండె కలుక్కుమంది. మా అటక మీద అంతకన్నా ఎక్కువే ఉండేవి.

ఒక వానాకాలం కొత్త సరుకు కొనడానికి డబ్బుల్లేవు. బోర్డులు రాసిన వెడల్పాటి బ్రష్షు ఒకటి, మా అమ్మాయి నీటిరంగుల పెట్టె ముందేసుకుని కూర్చున్నాను. ఎనామిల్‌తో అక్షరాన్ని ఒక్క లాగుడులో వేస్తాం కదా, ఆ లాగుడు నీటిరంగుతో వేస్తే ఏమవుతుంది? పడవ పక్కని ఒక్క దెబ్బలో లాగి చూశాను. వంకర పోయింది. ఇంకోటి. ఆ వానాకాలమంతా పడవలు తప్ప మరేదీ వెయ్యలేదు. దసరా వెళ్ళాక ఒకటి కుదిరింది. పడవ అంచు తడికి కరిగి నీళ్ళలోకి జారిపోయింది, లాగుడు మాత్రం బిగువుగా నిలబడింది. చెయ్యి నాకు ఎప్పటినుంచో తెలిసిన చెయ్యే, బొమ్మ మాత్రం అప్పటిదాకా నాకు తెలియనిది. ఆ బొమ్మ ఇప్పటికీ మా ముందు గదిలో ఉంది. ఈసారి రాజమండ్రి వచ్చినప్పుడు చూద్దువుగాని.

వచ్చినప్పుడు దామెర్ల రామారావు చిత్రశాలకి కూడా వెళ్ళు. ఆయన 1897లో రాజమండ్రిలో పుట్టారు. ఇక్కడి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయనలోని కళని గుర్తించి ప్రోత్సహించారు. బొంబాయి జె.జె. కళాశాలలో చేరి పాశ్చాత్య పద్ధతి చిత్రలేఖనాన్ని క్రమంగా అభ్యసించారు. శరీరం కొలతలు, వెలుగునీడలు, అదంతా కఠినమైన చదువు. తిరిగొచ్చాక ఆ పద్ధతిలోనే ఉండిపోలేదు, దాన్ని విసిరెయ్యనూ లేదు. అజంతా వైపు, మన మనుషుల వైపు చూసి, నేర్చుకున్న చెయ్యితోనే తనదైన దారి వెతికారు. రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టి ఇతరులకి నేర్పారు. 1925లో మశూచి ఆయన్ని తీసుకుపోయింది. నీ వయసు కూడా నిండలేదు. ఆ చిత్రశాలలోకి వెళ్ళిన ప్రతిసారీ నాకు ముందు ఆ వయసే గుర్తొస్తుంది. నువ్వు ఒక బొమ్మ ముందు కనీసం అరగంట నిలబడు. మొదట గీత ఎలా నడిచిందో చూడు, తర్వాత రంగు ఎంత మెత్తగా వేశారో చూడు. ఏది బొంబాయిలో నేర్చుకున్నది, ఏది తర్వాత వెతుక్కున్నది అని విడదీయడానికి ప్రయత్నించు. కొన్నిచోట్ల విడదీయగలవు, కొన్నిచోట్ల చేతకాదు. చేతకాని చోట ఎక్కువసేపు నిలబడు.

ఇక నీ రాత్రి గంటన్నర. అది చాలా ఎక్కువ సమయం, చిన్నచూపు చూడకు. అందులో మొదటి 20 నిమిషాలు గీతకే ఉంచు, గురువుగారి మాట తీసెయ్యొద్దు. కానీ ఉత్త గీతలు ఆపు. మీ ఇంట్లో అమ్మ పూతరేకుల కుండ ముందు కూర్చుంటుంది కదా. బోర్లించిన కుండ, కింద కొబ్బరాకుల మంట, పిండినీళ్ళలో ముంచిన పల్చటి గుడ్డ. ఆవిడ గుడ్డ పరిచి లాగుతుంది, క్షణాల్లో రేకు లేస్తుంది, మళ్ళీ ముంచుతుంది. అదే కదలిక వందల సార్లు. బొమ్మలు నేర్చుకునేవాళ్ళకి ఇంతకన్నా వరం ఏముంటుంది చెప్పు? ఒకసారి మణికట్టు అందకపోతే పది సెకన్లలో మళ్ళీ అదే మణికట్టు వస్తుంది. సాయం చేసే వేళలోనే కాసేపు పుస్తకం పట్టుకుని కూర్చో. ముందు పది సార్లు మణికట్టు మాత్రమే. తర్వాత భుజం. రేకు లేచే క్షణం పట్టుకోవాలంటే రెండు మూడు గీతలకి మించి వ్యవధి ఉండదు, కాబట్టి ఏ గీత అక్కర్లేదో చెయ్యికి తనంతట తనకే తెలుస్తుంది. నరసాపురంలో పుట్టిన బాపుగారి గీత అంత తేలిగ్గా కనిపించడం వెనక పత్రికల కోసం దశాబ్దాలు ఆపకుండా గీసిన చెయ్యి ఉంది. ఆయన చేతిరాతే కంప్యూటర్ అక్షరాలుగా మారింది.

అమ్మని ఒక మాట కూడా అడుగు. మంట ఎంత ఉండాలో, పిండి ఎంత పల్చగా ఉండాలో తెలియడానికి ఆవిడకి ఎన్నాళ్ళు పట్టిందో, ఎన్ని రేకులు చిరిగాయో. పంచదార రేకులు చేసే చేతులే ఇవాళ బెల్లం, జీడిపప్పు, చాక్లెట్ కూడా పెడుతున్నాయి. ఆవిడకి ఈ విషయం మీద నాకన్నా ఎక్కువ తెలిసి ఉంటుంది.

మిగిలిన 70 నిమిషాల్లో వారానికి రెండు రాత్రులు మట్టికి, మూడు రాత్రులు నీ నీటిరంగులకి, ఆర్డర్లకి. ఒక రాత్రి ఏ లెక్కా వద్దు. ప్రశ్న వద్దు, నోటుపుస్తకం వద్దు, ఫొటో తీసి ఎవరికీ పెట్టొద్దు. ఊరికే రంగులతో ఆడుకో. ఏడో రాత్రి నిద్రపో. ఈ వాటాలు నీకు కుదరకపోతే మార్చుకో. మట్టి రాత్రులు మాత్రం ఆర్డర్లకి ఇవ్వకు. పెళ్ళిళ్ళ సీజన్ వస్తే ముందు కోతపడేది అవే. మా మామయ్య ఆ ఒక్క మడిలో కూడా పాత రకమే వేసుకుంటే నాలుగు బస్తాలు ఎక్కువ వచ్చేవేమో, ఆయన వేసుకోలేదు. అలాగే పెళ్ళి బొమ్మల మీద ప్రయోగాలు చెయ్యకు. డబ్బిచ్చినవాళ్ళు అడిగింది అడిగినట్టు, నీట్‌గా ఇవ్వు. అది కూడా గౌరవమైన పనే. చిన్నతనంగా అనుకోకు.

ఆ 14 బొమ్మలని ఒక ఆదివారం నేల మీద పరిచి, ఒక్కోదాని వెనక "దీనిలో నేను తెలుసుకోవాలనుకున్నది ఏమిటి" అని రాయి. రాయడానికి ఏమీ తోచనివాటి కాగితం వెనక్కి తిప్పి గీతలకి వాడుకో. పాపం కాదు. రెండో మూడో మిగులుతాయి, వాటిని జాగ్రత్తగా దాచు. ట్యాబ్ ఉంది కదా, బొమ్మ వేసే ముందు రంగుల పొందిక చూసుకోవడానికి వాడుకో. ప్రస్తుతానికి దానితో అంతకన్నా పని లేదు.

మే నెల గురించి బాధపడ్డావు. ఏటా వేసవిలో దాళ్వా కోతలు అయ్యాక మన కాలువలు కట్టేస్తారు. అడుగు కనిపిస్తుంది, తూడు తీస్తారు, పూడిక తీస్తారు, లాకుల తలుపులు బాగుచేస్తారు. ఆ రోజుల్లో కాలువ పనికిరానిదని ఎవరూ అనరు. నువ్వు కూడా ముందే అనుకుని మూడు వారాలు ఆపెయ్యి. బ్రష్షులు కడుక్కో, కాగితాలు ఎండలో వేసుకో, నోటుపుస్తకం మొదటి నుంచి చదువుకో.

చివరికి గురువుగారి సంగతి. ఆయన అన్న మాట నీకు గుచ్చుకుంది, నాకు తెలుస్తోంది. కానీ ఆ రోజు ఆయన కంటికి కనిపించింది ఏమిటో ఆలోచించు. రంగు రాలుతున్న బొమ్మ. ఏళ్ళ తరబడి ఈ పనిలో ఉన్న మనిషికి రాలిపోయే రంగు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఆయన తోసిపుచ్చింది నీ ఆలోచననే అని నువ్వు అనుకుంటున్నావు. పనితనం లోపం చూసి అలా అన్నారేమోనని నాకు అనిపిస్తోంది. ఈసారి బొమ్మ తీసుకెళ్ళకు. ఐదు ముక్కలు తీసుకెళ్ళు, వెనక రాసిన కొలతలు చూపించు. "జిగురు ఇక్కడిదాకా వచ్చిందండీ, ఇంకా పట్టు చాలడం లేదు, మీరైతే ఏం చేస్తారు" అని అడుగు. ఆ తరంవాళ్ళలో రంగులు సొంతంగా నూరుకున్నవాళ్ళు ఉన్నారు. నాకు తెలియని కిటుకు ఏదైనా ఆయన దగ్గర ఉండవచ్చు. ఉంటే నాకూ రాయి. అప్పటికీ వద్దంటే, ఆయన ముందు ఎదురు మాట్లాడకు. ఇంటికొచ్చి ఆరో ముక్క పూసుకో.

ఈ ఏడు ఎర్రనీరు వచ్చి, వరద పూర్తిగా తీసి, గట్టు దిగువన నేల గట్టిపడ్డాకే మట్టికి వెళ్ళు. ఒంటరిగా వెళ్ళకు. రెండు చోట్ల మట్టి తీసుకో, మీ గట్టు కింద ఒక డబ్బా, అవతల లంక ఒడ్డున ఒక డబ్బా. కలపకుండా వేర్వేరుగా ఉంచు, రెండు ఎరుపులూ ఒకటేనో కాదో చూద్దాం. ఐదు ముక్కల్లో నీకు నచ్చిన దాన్ని నాకు పోస్టులో పంపించు, వేలితో రుద్దిన గుర్తు చెరపకుండా.